తొమ్మిదో ఫారం

పుస్తకాలు తయారయ్యే చోట పుస్తకం చదివే తీరిక ఎవరికుంటుంది చెప్పండి! నాచారం ప్రెస్సులో పదిహేనేళ్లుగా త్రివేణి మడిచిన కాగితాన్ని రోడ్డు మీద పరిస్తే ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా పోయి మళ్లీ వెనక్కి వస్తుంది. అయినా మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఆమె చదివిన పుస్తకం ఒక్కటీ లేదు. చదువుదామన్నా ఆమె చేతికి పుస్తకం రాదు, ఫారాలు వస్తాయి. ఫారమంటే బల్లంత కాగితం, దానికి ఇటు ఎనిమిది పేజీలు, అటు ఎనిమిది. కింది వరసలో నాలుగు నిటారుగా ఉంటే, పై వరసలో నాలుగు తలకిందులుగా ఉంటాయి. నూట ముప్ఫై రెండో పేజీ పక్కన నూట నలభై ఒకటి కూర్చొని ఉంటుంది. మడత సరిగ్గా పడితేనే వరస కుదురుతుంది. అంతకుముందు అదంతా ఒట్టి గందరగోళం.

బుధవారం మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నప్పుడు, పక్క బల్ల మైసమ్మ మిషన్ దగ్గర పాడైపోయిన షీటొకటి తెచ్చి అడ్డంగా రెండు ముక్కలు చేసింది. రోజూ చేసే పనే. పై ముక్క తన ముందు పరుచుకొని, కింది ముక్క త్రివేణి వైపు తోసింది.

"ఇయ్యాల ఏం తెచ్చినవే?"

"దొండకాయ. నీ కాడేంది మైసక్కా?"

"పచ్చిపులుసు. జర చూస్కొని పోస్కో, గిన్నె కారుతుంది."

గిన్నె కారనే కారింది. మైసమ్మ ముందున్న కాగితమంతా తడిసి ముద్దయింది. త్రివేణి నవ్వుతూ తన గిన్నె మూత తీసింది. ఒక మెతుకు కాగితం మీద పడింది. దాన్ని ఏరబోయిన వేలు అక్కడే ఆగిపోయింది.

'కరెంటు పోయింది. మేడ మెట్లకు అప్పటికింకా రెయిలింగు లేదు. పదకొండు మెట్లు. నా మెడలో ఆకుపచ్చ చున్నీ, దాని అంచంతా అద్దాలు. నాన్నకు చెప్తా అంటూ కిందికి పరుగెత్తాను. వెనక నుంచి అక్క నా చున్నీ పట్టి లాగింది.'

అక్కడితో పేజీ అయిపోయింది. కళ్లు వాటంతటవే పక్క పేజీకి జరిగాయి.

'చంపాలనే చేసిందో లేదో ఆమెకే తెలియాలి. ఇన్నేళ్లూ ఏమీ ఎరగనట్టు నా ముందు తియ్యగా మాట్లాడుతూ తిరిగింది. ఇక వదలను. ఆదివారం పదిమందిలో నిలబెట్టి ఆమె నోటితోనే చెప్పిస్తాను.'

ఆ చున్నీకి అద్దాలు కుట్టింది త్రివేణే. చెల్లెలు ఆశ కోసం, రెండు రాత్రులు కూర్చొని కుట్టింది. అది పట్టి లాగిందీ ఆమే. ఆ సంగతి తెలిసినవాళ్లు ఈ భూమ్మీద ఇద్దరే ఉండాలి. అందులో ఒకరు రెండు రోజులు స్పృహ లేకుండా పడి ఉండి, లేచాక 'నాకేం గుర్తు లేద'ని చెప్పిన మనిషి. 'చెల్లె జారిపడ్డది నాయినా' అని త్రివేణి అప్పుడు తండ్రి ఆగయ్యకు చెప్పిన మాట ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో నిజమై తిరుగుతోంది. ఆశ ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడవడమూ అలాగే తిరుగుతోంది.

"ఏందే, ముద్ద దిగుతలేదా?" అంది మైసమ్మ.

"ఉప్పెక్కువైంది" అని గిన్నె మూత పెట్టేసింది.

నూట ముప్ఫై రెండు పక్కన నూట నలభై ఒకటి ఉంటే, మధ్యలో ఎనిమిది పేజీలు వేరేచోట ఉన్నాయని పదిహేనేళ్ల పనిమంతురాలికి తెలియదా? నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కాని పైప్రాణం పైనే పోతుంటే పేజీ నంబర్లు ఎవరు చూస్తారు! ఆమెకు రెండు పేజీలూ ఒకే మాటగా వినబడ్డాయి, అదీ ఆశ గొంతుతో. పులుసులో నానిన పై ముక్కను మైసమ్మ ఉండచుట్టి డ్రమ్ములో పడేసింది. కింది ముక్కను త్రివేణి నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దాచుకుంది.

సాయంత్రం ఉప్పల్ వెళ్లే షేర్ ఆటోలో ఉండగా ఫోన్ మోగింది. ఆశే.

"అక్కా, ఆదివారం ఏం పని పెట్టుకోకు. ఒక దగ్గరికి పోవాలె."

"ఏడికే?"

"చెప్పను పో. మస్తు మంది వస్తరు. నువ్వు ముంగటి కుర్చీల కూసోవాలె, గంతే."

"నేనెందుకే ముంగట?"

"నువ్వు లేకుంటే ఎట్ల?" ఆశ నవ్వింది. "అవునక్కా, మీ ప్రెస్సుల ఇప్పుడేం పుస్తకాలు నడుస్తున్నయి?"

"ఏవో... గైడ్లు."

"గైడ్లేనా?"

"గైడ్లే."

"సరే తియ్యి" అంది ఆశ. ఆ రెండు మాటల్లో ఏముందో త్రివేణి రింగు రోడ్డు దాకా తవ్వుకుంటూనే ఉంది.

ఇంటికి వచ్చి, చెప్పులు విడవకముందే మేడ మెట్ల దగ్గర నిలబడింది. ఆ మెట్లను ఆమె రోజూ తుడుస్తుంది. రెయిలింగు ఆమే పెట్టించింది. ఆశ ఎప్పుడు మేడెక్కినా, దిగినా, త్రివేణి ఒక మెట్టు వెనకాల చెయ్యి చాపుకొని నడుస్తుంది. అక్కకు చెల్లెలంటే ప్రాణమని వాడకట్టంతా చెప్పుకుంటుంది. నిజమే, ప్రాణమే. ఆ ప్రాణంలో భయం ఎంత, ప్రేమ ఎంత అని ఆమె ఎన్నడూ వేరుచేసి చూసుకోలేదు.

గురువారం పనిలోకి దిగుతూనే సూపర్‌వైజర్ బుచ్చిరాములును పట్టుకుంది.

"అన్నా, గీ నవల ఎవరిది?"

"నాకేమెరుక? పేరుండే పేజీల ఫారం ఆఖర్న గద వచ్చేది. రామంతాపూర్ల టీచరమ్మ అన్నరు. ఆదివారం ఫంక్షనంట. ఆరొందల కాపీలు శనివారం పొద్దుగూకేలోపల పోవాలె. లేటయితే ఓనర్ గంగాధరరావు సార్ నన్ను బతకనియ్యడు. చెయ్యి ఆడియ్యుండ్రి!"

రామంతాపూర్ టీచరమ్మ. ఇంకేం కావాలి? ఆశ అక్కడి స్కూల్లో తెలుగు చెబుతుంది. మడత మిషన్ దడదడా ఫారాలను కక్కుతుంటే త్రివేణి వాటిని వందేసి చొప్పున సర్ది, పురికొసతో కట్టలు కట్టింది. ఏడో ఫారం, ఎనిమిదో ఫారం. తరవాత తొమ్మిదో ఫారం వచ్చింది. మడిచిన ఫారానికి పై అంచు మూసుకొని ఉంటుంది, కటింగ్ అయితే గాని తెరుచుకోదు. కింది నుంచి తొంగి చూడొచ్చు. ఆమె చూడలేదు. ఇంకా ఏం రాసిందో చూసే ధైర్యం ఉంటే ఇరవై ఏళ్ల కిందనే నోరు విప్పేది కదా! కట్ట ముడి బిగిస్తుంటే ఒకటే ఆలోచన: ఆరొందల కాపీలు. ఉప్పల్లో చుట్టాలు, రామంతాపూర్‌లో టీచర్లు, బోడుప్పల్ మేనత్త, అందరి చేతుల్లో ఆ పేజీ. ముందు వరసలో తను.

శుక్రవారం మధ్యాహ్నం అంతపనీ చేసింది.

అందరూ చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు తొమ్మిదో ఫారం కట్టలు ఆరింటినీ తోపుడుబండిలో వేసుకొని, మీద చెత్త కాగితం కప్పి, వెనక గదిలోకి తోసింది. అక్కడ తుక్కు కాగితం బస్తాలు గోడ ఎత్తున పేర్చి ఉన్నాయి. రెండు ఖాళీ బస్తాల్లో మూడేసి కట్టలు కుక్కి, మూతులు కట్టి, మిగతావాటి మధ్యకు నెట్టింది. నాలుగింటికి తుక్కు లారీ వస్తుంది. బస్తాలు పోతాయి. మళ్లీ అచ్చువేసే టైము లేదు. ఫంక్షన్ ఆగుతుంది. ఆ తరవాత? తరవాతి సంగతి ఆమె ఆలోచించలేదు. మెట్ల మీద చున్నీ లాగిన రోజు మాత్రం ఆలోచించిందా! తను ఇంటర్ తప్పిన మెమో ఆశ చేతిలో ఉంది, అది నాన్నకు చేరకూడదు, అంతే అప్పుడు తెలిసింది.

మూడున్నరకు గ్యాదరింగ్ మొదలుపెట్టారు. పొడుగాటి బల్ల మీద పద్నాలుగు కుప్పలు ఉండాలి. ఒక్కో కుప్ప నుంచి ఒక్కో ఫారం తీసుకుంటూ బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే చేతిలో ఒక పుస్తకం తయారవుతుంది. ప్రతి ఫారం మడత మీదా ఒక నల్లగీత ఉంటుంది, ఒకదానికంటే ఒకటి కిందికి. అన్నీ వరసలో పడితే పుస్తకం వీపు మీద నల్లని మెట్లు దిగినట్టు కనిపిస్తుంది. బుచ్చిరాములు కుప్పలు వేలుపెట్టి లెక్కపెట్టాడు.

"ఎనిమిది... పది. తొమ్మిదేది? తొమ్మిదో ఫారమేది?"

అందరూ బల్ల కిందికి వంగి చూశారు.

"మైసమ్మా! కుప్పలు పేర్చింది నువ్వే గద. ఏడవెట్టినవ్?"

"నేను పేర్చేటప్పటికే లేదన్నా. వస్తదేమో అనుకున్న."

"అనుకున్నవా! కండ్లు కనవడ్తలేవని మొన్ననే చెప్పిన సార్‌కు. తుక్కుల కలిపేసి ఉంటవ్. యాభై ఐదేండ్లొచ్చినయ్, ఇంట్ల కూసోరాదు? రేపటి సంది రాకు. పో, చెప్తున్న గద, పో!"

"అన్నా, దండం పెడ్త. నేను తియ్యలే. నిజంగ నేను తియ్యలే."

మైసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. బయట లారీ హారన్ కొట్టింది. నాలుగు కాలేదు, ఇవాళే ముందొచ్చి చచ్చింది! త్రివేణి బల్ల అంచును గట్టిగా పట్టుకుంది. నోరు మూసుకుంటే చాలు. ఒక్క పది నిమిషాలు. ఇరవై ఏళ్లు మూసుకున్న నోటికి పది నిమిషాలు ఒక లెక్కా? ఇంకో మనిషి పడిపోతుంది, తను పక్కన నిలబడి 'జారిపడ్డది' అంటుంది, అంతేగా.

"నేనే పెట్టిన!"

ఆ అరుపు ఎవరిదో ఒక క్షణం ఆమెకే తెలియలేదు.

"ఏమన్నవ్?" అన్నాడు బుచ్చిరాములు.

"తొమ్మిదో ఫారం నేనే దాచిన. మైసక్కది తప్పు లేదు. తుక్కుల ఉంది."

అంటూనే పరుగు. వెనక గుమ్మం దాటేసరికి లారీవాళ్లు బస్తాలు ఎత్తుతున్నారు. "ఆగుండ్రి! ఆపుండ్రి జర!" అని కేకలు పెడుతూ లారీ మీదికే ఎక్కేసింది. ఒకడు "ఏయ్, ఏందమ్మా!" అంటున్నాడు. బరువుకే తెలిసింది ఏ బస్తానో. ఒకటి కిందికి తోసింది, రెండోది తోసింది. రెండోదాని మూతి ఊడి, పురికొస తెగి, ఫారాలు వాకిలంతా చెల్లాచెదురయ్యాయి.

మోకాళ్ల మీద కూర్చొని ఏరడం మొదలుపెట్టింది. చేతికొచ్చిన ఒక ఫారం పై అంచు చిరిగి తెరుచుకొని ఉంది. సరిగ్గా అక్కడే. ఎడమ పక్క నూట ముప్ఫై రెండు. కుడి పక్క, దానికి న్యాయంగా పక్కన ఉండాల్సిన నూట ముప్ఫై మూడు.

'లాగకపోతే నేను తలకిందులుగా సంపు గట్టు మీద పడి ఉండేదాన్ని. మేడ మీద అద్దెకున్నావిడ మెట్ల మీద ఒంపిన సబ్బునీళ్లకు అప్పటికే నా కాలు జారింది. అక్క చీకట్లో చెయ్యి చాపితే దొరికింది ఆ చున్నీ ఒక్కటే. చున్నీ చిరిగింది. నా కాలు విరిగింది. ప్రాణం మాత్రం అక్క గుప్పిట్లో ఉండిపోయింది.'

మళ్లీ చదివింది. గబగబా పేజీలు తిప్పింది. నూట నలభై ఒకటిలో నిలబెట్టి చెప్పిస్తానన్నది ఆ అద్దె మనిషిని. అక్కను కాదు. అక్క ఆ పుస్తకంలో దేవత.

హమ్మయ్య అనుకోవాలి కదా? మొదట అనుకుంది కూడా. నవ్వొచ్చింది, వాకిట్లో కూర్చొని పిచ్చిదానిలా నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆశకు నిజంగానే ఏమీ గుర్తులేదు. లాగిన చెయ్యిని పట్టుకున్న చెయ్యి అనుకుంటోంది. ఆరొందల పుస్తకాల్లో అలాగే అచ్చయింది. ఇక తను ఏమీ చెప్పకపోతే, ఎవరూ ఎప్పటికీ అడగరు.

బుచ్చిరాములు వచ్చి మీద నిలబడ్డాడు. తిడతాడనుకుంది. ఆమె మొహం చూసి అతనికి తిట్టు రాలేదు.

"ఏం పుట్టిందే నీకు? పదిహేనేండ్ల సంది ఒక్క ఫారం తప్పలే నీ చేతిల."

"అది నా ఇంటి ముచ్చటన్నా. పని పోతే పోనియ్యి. ముందుగాల మైసక్కకు తప్పైందని చెప్పు."

అతను మైసమ్మ వైపు చూడకుండానే "సరే, కోపంల అన్న గని... రా రేపు" అని గొణిగాడు. త్రివేణికి శిక్ష మాత్రం వేశాడు. ఆరొందల కాపీలూ ఆమె ఒక్కతే వీపు మీద మెట్లు చూసి, ఏ ఫారమూ తప్పలేదని చెప్పాలి. మైసమ్మ వచ్చి పక్కన కూర్చొని, ఏమీ అడగకుండా, తనూ సగం కాపీలు ముందుకు లాక్కుంది.

శనివారం కవర్లు వచ్చాయి. వేడి జిగురు వాసన మధ్య మొదటి కాపీ కటింగ్ నుంచి బయటపడింది. 'పదకొండో మెట్టు.' కింద ఆశ పేరు. లోపల, అన్నిటికంటే చివర అచ్చయిన మొదటి ఫారంలో, పేజీ మధ్య ఒకే వాక్యం: 'పడిపోతున్న నన్ను పట్టుకున్న మా అక్కకు.'

త్రివేణి ఆ కాపీని మూసి మిగతావాటితో కలిపేసింది.

సాయంత్రం ఆశ ఉప్పల్ వచ్చింది. చంకలో పుస్తకం, మొహం వెలిగిపోతోంది. చెప్పులు విడుస్తూనే అరిచింది.

"గైడ్లు నడుస్తున్నయని చెప్తవా నాకు? నీ చేతుల మీదికెళ్లే పోయింది గద! చూసినవా, చూడలేదా?"

"చూసిన."

"మరి ఏం అంటలేవేంది? పా, మీదికి పోదాం. కింద ఉక్కపోస్తుంది."

ఆశ మెట్లెక్కబోయింది. అలవాటుగా ఒక మెట్టు వెనక నడవాల్సిన త్రివేణి కదల్లేదు.

"ఆశా. రేపు నేను ముంగట కూసోను."

"ఏమైందే?"

"నేను పట్టుకోలే." మాట దొర్లింది, ఇక ఆగలేదు. "నువ్వు జారలే. మెమో తీస్కొని నాయిన కాడికి ఉరుకుతున్నవ్. నాకు కోపమొచ్చింది. లాగిన. పట్టుకుందామని కాదే, లాగిన. జారిపడ్డదని అబద్ధం చెప్పిన. నీ కాలు నేనే ఖరాబు జేసిన. గా పేజీ చింపెయ్యి. నన్ను గట్ల రాయకు."

ఆశ రెయిలింగు పట్టుకొని మూడో మెట్టు మీద నిలబడింది.

"ఎరుకే" అంది ఆశ.

"ఏమెరుక?"

"అంతా ఎరుకే. పట్టుకునే చెయ్యికి, గుంజే చెయ్యికి తేడా మెడకు తెల్వదా అక్కా? ఏం గుర్తు లేదని చెప్పింది నాయిన నిన్ను కొడతడని. అటెంక నువ్వే చెప్తవనుకున్న. ఇయ్యాల చెప్తది, రేపు చెప్తది అని ఇరవై ఏండ్లు చూసిన."

త్రివేణి కింది మెట్టు మీద కూలబడింది. "మరి గట్లెందుకు రాసినవే? మనింట్ల అద్దెకెవరున్నరే? సబ్బునీళ్లేడివే?"

"మొదలు ఉన్నదున్నట్టే రాసిన. మూడొందల పేజీలు, అన్నీ నిన్ను తిట్టుడే. చదువుకుంటే నాకే యాష్టకొచ్చింది. నన్ను ఎత్తుకొని దవాఖాన్ల తిప్పిందెవరు? నన్ను చదివిపిచ్చిందెవరు? అది గూడ నువ్వే గద. రెండు అక్కలను ఒక్క నవలల ఎట్ల పెట్టాల్నో నాకు తెల్వలే. అందుకే గామెను పుట్టించిన, అద్దెకున్నామెను. నీ తప్పంతా ఆమె నెత్తినేసిన." ఆశ చంకలో పుస్తకాన్ని సర్దుకుంది. "మీ ప్రెస్సుకే ఇయ్యాలని నేనే పట్టుబట్టిన. నువ్వు చదవాలె. చదివినంక చెప్తవా, సప్పుడు చెయ్యకుంట ముంగట కూసుంటవా, చూద్దామనుకున్న. నువ్వు ఊకుంటే నేను గూడ ఊకుంటుంటి. మళ్ల జిందగిల అడగకపోతుంటి."

"పరీక్ష పెట్టినవానే నాకు?"

"పెట్టిన. అయితే ఏంది?"

"గా పరీక్షకు మైసక్క పని పోతుండె!" అని త్రివేణి మూడు రోజుల కథా చెప్పింది. చింపిన కాగితం, పచ్చిపులుసు, తుక్కు లారీ, వాకిట్లో చెల్లాచెదురైన ఫారాలు. ఆశ నోరు తెరుచుకొని విన్నది.

"అయ్యో! వరసగ చదువుతవనుకున్న గదనే!"

"మా కాడ ఏదన్న వరసగ వస్తదానే?"

ముందు నవ్వింది ఎవరో చెప్పడం కష్టం. నవ్వుతూనే ఇద్దరూ ఏడ్చారు. ముక్కు తుడుచుకొని త్రివేణి అడిగింది.

"కోపముందా ఇంకా?"

"ఉంది. చలికాలం కాలు గుంజినప్పుడల్లా ఉంటది. పోతదని చెప్తే అబద్ధమైతది." ఆశ చెయ్యి చాపింది. "లే. మీద గాలొస్తుంది, పోదాం పా."

త్రివేణి లేచి, అలవాటు కొద్దీ పక్కకు జరిగి చెల్లెలికి దారిచ్చింది.

"ఊహు. ఇయ్యాల నువ్వు ముంగట నడువు" అంది ఆశ.

త్రివేణి ముందుకొచ్చింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే వెనక కొంగు బిగిసింది. ఆశ దాని చివర పట్టుకొని ఉంది. త్రివేణి కాలు కదల్లేదు.

"ఏం, భయమైతుందా?"

"అయితుంది."

"కానియ్యి. నేను పట్టుకున్న గద, ఎక్కు."

త్రివేణి ఎక్కింది. వెనక్కి తిరిగి చూడాలనిపించింది గాని చూడలేదు. కొంగు బిగువుగానే ఉంది, వెనక ఆశ ఎడమకాలు ఒక్కో మెట్టునూ మెల్లగా రాసుకుంటూ వస్తోంది, ఇద్దరూ పదకొండు మెట్లూ ఎక్కి మేడ మీదికి చేరారు.